ఆ మెసేజ్ పంపింది నేనే



ఈ మాటలు రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఫుర్సత్ లేక ఆగలేదు, షరమ్‌తో ఆగాను.

2017 ఆగస్టులో తెలంగాణలో మీజిల్స్-రుబెల్లా టీకాల కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలల పసికందు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల దాకా అందరికీ ఒక సూది. అదే వారం నా ఫోన్‌కు ఉర్దూలో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. బాగా చదువుకున్న మనిషి గొంతులా ఉంది. ఈ సూది వేస్తే పిల్లలకు మాట పోతుందట, పెద్దయ్యాక ఔలాద్ పుట్టదట, ఇదంతా మన ఖౌమ్ మీద సాజిష్ అట. నేను డిగ్రీ చదివినవాణ్ణి. కామారెడ్డిలో నౌకరీ చేసుకుంటున్నవాణ్ణి. ఆ మెసేజ్ రెండుసార్లు విని ఎల్లారెడ్డిలో ఉండే మా ఆపాకు పంపాను. కింద నా మాట కూడా ఒకటి జోడించాను: "జరా ఎహ్‌తియాత్ కర్నా ఆపా."

ఆపా కొడుకు, నా భాంజా, అప్పటికి మూడేళ్లవాడు. ఏడాదిన్నరకు "మామూ" అన్నాడు, "పానీ" అన్నాడు. రెండేళ్లు నిండేలోపు ఆ రెండు మాటలూ పోయాయి. పిలిస్తే పలకడు. బొమ్మ కారును బోర్లించి చక్రం తిప్పుతూ గంటలు గంటలు కూర్చుంటాడు. ఆటిజం అనే మాటే మా ఖాందాన్‌లో ఎవరికీ తెలియదు. హైదరాబాద్ తీసుకెళ్లి చూపించింది ఆ మరుసటి ఏడు. ఆపా మనసులో మాత్రం అప్పటికే ఒక షక్ ఉంది. తొమ్మిదో నెలలో తట్టు సూది వేయించాకే కదా వీడిలా అయ్యాడు అని. ఆ భయంతోనే రెండో డోసు ఆపేసింది. 2017లో వచ్చిన సూది ఆ లోటు తీర్చేది. నా మెసేజ్ ఆమె షక్‌ను యఖీన్ చేసింది. ఆశా కార్యకర్త ఇంటికొస్తే తలుపు తీయలేదు. 2018లో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఒక్క టీకా కూడా వేయించలేదు.

2022 డిసెంబర్‌లో మా ఇంట్లో షాదీ. ముంబై నుంచి చుట్టాలొచ్చారు. ఆ నెలల్లో ముంబైలో గోవండీ వైపు, మాలేగావ్‌లో, రాంచీలో, అహ్మదాబాద్‌లో, మలప్పురంలో తట్టు, అదే మనవాళ్లు ఖస్రా అంటారే, అది చెలరేగి ఉంది. ముంబైలో పిల్లలు చనిపోయారు. ఆ ఊళ్ల పేర్లు ఒకసారి మళ్లీ చదవండి. చాలావరకు మన మొహల్లాలే. షాదీకి వచ్చిన ఒక పిల్లాడు దగ్గుతూనే ఉన్నాడు. పది రోజులకు ఆపా కూతురికి బుఖార్, ఎర్రటి కళ్లు, ఒళ్లంతా దద్దు. అల్లా దయవల్ల దానికి వారంలో తగ్గింది. అది తేరుకుంటున్న రోజుల్లో వాడికి పట్టింది.

వాడికి పట్టిందని మాకు తెలియలేదు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది.

వాడు రోజంతా ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తే పిల్లాడు. ఆ సాయంత్రం వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో తల పెట్టాడు. జుట్టులో చెయ్యి వేస్తే తోసెయ్యలేదు. ఆమె మొహంలోకి చూశాడు. ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు చూశాడో ఆపా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. ఆ ముందురోజే ఒక ఆమిల్ సాబ్ వచ్చి దమ్ చేసి, తావీజ్ కట్టి, రెండు వేల ఒక వంద, ఒక కాలీ ముర్గీ తీసుకుని పోయాడు. ఇంకేముంది. "అసర్ హోగయా!" అని అమ్మీ ఏడ్చేసింది. పక్కింటికి మీఠా పంచారు. నాకు ఫోన్ చేసి చెబితే నేనూ మాషాఅల్లా అన్నాను. ఒక్కరైనా వాడి ఒంటి మీద చెయ్యి పెట్టి వేడి చూడలేదు.

2007లో పీడియాట్రిక్స్ అనే డాక్టర్ల పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆటిజం ఉన్న 30 మంది పిల్లల్ని జ్వరం ఉన్నప్పుడూ లేనప్పుడూ గమనించి రాశారు. జ్వరం ఉన్న రోజుల్లో చాలామంది నెమ్మదించారు, చికాకు తగ్గింది. మిగతా పిల్లలు జ్వరం వస్తే ఏడుస్తారు, ఆటిజం ఉన్న పిల్లాడు కొన్నిసార్లు జ్వరంలో బుద్ధిమంతుడిలా కనిపిస్తాడు. ఈ ఒక్క సంగతి నాకు ఆ రోజు తెలిసి ఉంటే మీఠా పంచే బదులు థర్మామీటర్ పెట్టమనేవాణ్ణి. తెలంగాణలో ఎంతమంది ఆమిల్‌లు ఈ బుఖార్ మీద పేరు సంపాదించుకున్నారో అల్లాకే ఎరుక.

దద్దు ఎందుకు కనబడలేదు అంటారా? వాడు ఒకే నీలం రంగు ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటాడు. విప్పనివ్వడు. ఉతకాలంటే వాడు నిద్రపోయాక తీయాలి. కళ్లు ఎర్రబడితే రుద్దుకున్నాడనుకున్నారు. దగ్గు షాదీలో ఐస్‌క్రీమ్ వల్ల అనుకున్నారు. గొంతు నొప్పి అని చెప్పడానికి వాడికి మాట లేదు. అన్నం మానేస్తే, ఎప్పుడూ తినేవి నాలుగు రకాలే కాబట్టి, అదీ ఎవరికీ కొత్తగా అనిపించలేదు. మూడో రాత్రి ఫిట్స్ వచ్చాయి. పక్కింటి వాళ్ల కారులో లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి తెచ్చారు. నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను.

మొదట వెళ్లిన దవాఖానా పేరు రాయను. అక్కడ ట్యూబ్‌లైట్లు, అలారం మోతలు, స్పిరిట్ వాసన. వాడు తెలివొచ్చి అరుస్తున్నాడు, చేతులు కొరుక్కుంటున్నాడు. నలుగురు పట్టుకున్నా సూది గుచ్చనివ్వలేదు. "ఇది మెంటల్ కేసు, ముందు అరుపు ఆపించండి" అన్నారు. తర్వాత హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. చొక్కా ఎత్తి చూసినవాళ్లు లేరు. వాళ్ల కళ్ల ముందున్నది ఆటిజం. దాని వెనకున్న బీమారీని చూడాలనే ఖయాల్ ఒక్కరికీ రాలేదు.

రెండో చోట ఒక పెద్దావిడ డాక్టర్. వచ్చీ రాగానే లైటు ఆర్పించింది. మనుషుల్ని బయటికి పంపింది. స్టెతస్కోప్ ముందు ఆపా చేతికిచ్చి, "నీ ఛాతీ మీద పెట్టుకో, వాణ్ణి చూడనియ్యి" అంది. పది నిమిషాలకు వాడే దాన్ని పట్టుకున్నాడు. చొక్కా కొద్దిగా ఎత్తి చూసి, "అమ్మా, ఇది తట్టు. ఊపిరితిత్తులకు దిగింది. టీకాలు వేయించారా?" అని అడిగింది. ఆపా నా వైపు చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ చూపు గురించి ఇంతకంటే రాయలేను.

విటమిన్ ఎ డోసు వేశారు, మరునాడు మళ్లీ వేశారు. ఆక్సిజన్ పెట్టారు. నీళ్లు మాత్రం తాగడు. వాడు తాగేది ఒకే పచ్చ ప్లాస్టిక్ గ్లాసులో, అది ఎల్లారెడ్డిలో ఉండిపోయింది. ఓఆర్ఎస్ చూపిస్తే మొహం తిప్పుకున్నాడు, నాలుక ఎండిపోయింది. దూల్హాభాయ్ అర్ధరాత్రి బైక్ మీద వెళ్లి ఆ గ్లాసు తెచ్చాడు. తెల్లారేసరికి వాడు రెండు గ్లాసులు తాగాడు. పచ్చ గ్లాసు కోసం చలిలో అంత దూరం పోయి వచ్చిన ఆ మనిషిని వార్డులో ఎవరో పాగల్ అన్నారు. నాకు తెలిసి ఆ వారం మా ఖాందాన్‌లో అఖల్‌తో చేసిన పని అదొక్కటే.

వాడు బతికాడు. అల్‌హమ్దులిల్లా. తొమ్మిది రోజుల తర్వాత ఇంటికి పోయాడు. ఇప్పుడు పొద్దున, రాత్రి ఫిట్స్ గోలీ మింగుతున్నాడు.

ఇక జవాబు చెప్పాల్సిన మాటలకు వస్తాను. మన షాదీల్లో, మయ్యత్‌లలో, చాయ్ హోటళ్లలో మూడు మాటలు వింటుంటాను. "ఇలాంటి పిల్లలు పుట్టుకతోనే కమ్‌జోర్, ఏ బీమారీ వచ్చినా తట్టుకోలేరు" అనేది ఒకటి. "సూది వల్లే ఇట్లయిండు" అనేది రెండోది. "ఖిస్మత్, మనమేం చేస్తాం" అనేది మూడోది. ఈ మూడూ ఝూట్ అంటున్నాను.

వైరస్‌కు ఆటిజం కనబడదు. మనకు కనబడుతుంది, అందుకే ఆ పిల్లల్ని మనం వేరేగా చూస్తాం, ఖత్రా అక్కడ మొదలవుతుంది. స్వీడన్‌లో ఆటిజం ఉన్న 27 వేల మంది లెక్కలు తీసి 2016లో అచ్చు వేశారు. మిగతా జనంతో పోలిస్తే వాళ్లలో తొందరగా చనిపోయే అవకాశం రెండున్నర రెట్లు. ఇంగ్లండ్‌లో కోవిడ్ మొదటి విడత లెక్క 2020 నవంబర్‌లో వచ్చింది. బుద్ధి ఎదుగుదల లోపం ఉన్నవాళ్లలో, అంటే ఆటిజం ఉన్న చాలామంది కూడా చేరే గుంపులో, కోవిడ్ మరణాలు వయసు తేడాలు సర్ది చూసినా నాలుగు రెట్లకు పైనే. గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయొద్దని, వాళ్లనూ వాళ్ల ఇంటివాళ్లనూ అడక్కుండానే కాగితాలు రాసేశారని అక్కడ గొడవ జరిగింది. సర్కారు సంస్థ విచారణ చేయాల్సి వచ్చింది. అంత అమీర్ దేశంలో, అంత పెద్ద దవాఖానాల్లో కూడా ఈ పిల్లల జాన్ సస్తాగా కనిపించింది. కమ్‌జోర్ ఎవరో మీరే చెప్పండి.

నిజమే, కొన్ని సంగతులు వాళ్ల ఒంట్లోనే ఉంటాయి. ఆటిజం ఉన్నవాళ్లలో ఫిట్స్ బీమారీ మిగతావాళ్లలో కంటే ఎక్కువ, జ్వరం దాన్ని రెచ్చగొడుతుంది. తిండి నాలుగు రకాలకే పరిమితమైతే విటమిన్లు తగ్గుతాయి. నొప్పి చెప్పే తీరు వేరు. ఇవి తెలిసిన సంగతులే, వీటన్నిటికీ ఇలాజ్ ఉంది. తెలిసి కూడా ఆ పిల్లలకే టీకా ఎగ్గొట్టడం ఏం న్యాయం? ఎవరికి ముందు గొడుగు పట్టాలో వాళ్ల చేతిలోంచే గొడుగు లాక్కున్నాం.

సూది కథ ఎక్కడ పుట్టిందో వినండి. 1998 ఫిబ్రవరిలో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పన్నెండు మంది పిల్లల కథ. పన్నెండు మందే. మన ఒక్క గల్లీలో అంతకంటే ఎక్కువ పిల్లలుంటారు. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ దగ్గర ఆయన పైసలు తీసుకుంటున్నాడని బ్రయన్ డీర్ అనే జర్నలిస్టు బయటపెట్టాడు. ఎంఎంఆర్‌కు పోటీగా తన సొంత తట్టు టీకాకు పేటెంట్ అడిగిన సంగతీ బయటికొచ్చింది. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడు మే నెలలో అతని డాక్టరీ పట్టా పోయింది.

డెన్మార్క్‌వాళ్లు 2002లో 5,37,303 మంది పిల్లల్ని లెక్క చూశారు. సరిపోలేదని 2019లో మళ్లీ 6,57,461 మందిని చూశారు. టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువ లేదు. జపాన్‌లో 1993లో వేరే కారణంతో ఎంఎంఆర్ టీకానే ఆపేశారు. ఆపాక యోకొహామాలో ఆటిజం తగ్గాలి కదా? పెరుగుతూనే పోయింది. మన ఆపాల షక్‌కు జవాబు ఇంకా సీదా. తొమ్మిదో నెల, పదహారు నుంచి ఇరవై నాలుగో నెల, ఇవి సూది వేసే రోజులు. పిల్లాడికి మాట రావడం లేదని, ఉన్న మాట పోతోందని తల్లి గమనించేదీ ఆ రోజుల్లోనే. పిల్లాడు నడిచింది కూడా సూది తర్వాతే, దవడ పళ్లు వచ్చింది కూడా సూది తర్వాతే. వాటికి సూదికి షుక్రియా చెప్పామా?

మన ముస్లింలే మోసపోయిన ఒక కిస్సా ఉంది. అమెరికాలో మినెసోటా రాష్ట్రం. సోమాలియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనిపిస్తోందని తల్లిదండ్రులు గాబరా పడితే, డాక్టర్లు సరైన జవాబు చెప్పేలోపు టీకాల దుష్మన్‌లు వాళ్ల మొహల్లాలకు వచ్చి కూర్చున్నారు. పట్టా పోగొట్టుకున్న ఆ వేక్‌ఫీల్డ్ స్వయంగా వచ్చి మీటింగులు పెట్టాడు. 2004లో సోమాలీ పిల్లల్లో నూటికి 92 మంది ఎంఎంఆర్ వేయించుకునేవారు. 2014కు వచ్చేసరికి 42. 2017లో తట్టు వచ్చి పడింది. 75 కేసులు, అందులో ఎక్కువ భాగం సోమాలీ పిల్లలే. ఆటిజం తగ్గిందా అంటే లేదు. తట్టు మాత్రం దొరికింది. చాయ్ దుకాణాల్లో, మస్జిదుల్లో కూర్చుని మాట్లాడి ఆ ఊరి ఇమాములు, సోమాలీ నర్సులు మళ్లీ జనాన్ని దారికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఏడు సముద్రాల అవతల ఆ ఆపాలు విన్నది, ఎల్లారెడ్డిలో మా ఆపా విన్నది ఒకే అఫ్వా, జబాన్ ఒక్కటే వేరు. అదే 2017.

నన్ను అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేలా చేసిన సంగతి ఇంకొకటుంది. ఎంఆర్ టీకాలో రెండో అక్షరం రుబెల్లా. పిల్లలకు వస్తే చిన్న జ్వరం, చిన్న దద్దు, అంతే. గర్భంతో ఉన్న తల్లికి మొదటి నెలల్లో వస్తే కడుపులో బిడ్డకు చెవుడు, కంటిపొర, గుండె జబ్బు. 1964లో అమెరికాలో రుబెల్లా వ్యాపించినప్పుడు ఇరవై వేల మంది దాకా పిల్లలు ఇలాంటి లోపాలతో పుట్టారు. స్టెల్లా చెస్ అనే డాక్టరమ్మ అలా పుట్టిన 243 మందిని పరీక్షించి 1971లో రాసింది. వాళ్లలో 18 మందిలో ఆటిజం, లేదా దాని లక్షణాలు. ఆ రోజుల్లో ఆటిజం లెక్క పదివేలకు నాలుగైదు. అంటే ఆటిజంతో నిజంగా రిష్తా ఉన్నది ఆ వైరస్‌కు, దాన్ని ఆపే టీకాకు మనం ఇల్జామ్ వేశాం. గర్భంతో ఉన్నప్పుడు ఈ సూది వేయరు. అందుకే ఆడపిల్లలకు చిన్నప్పుడే వేయాలి. కూతురికి ఆటిజం భయంతో సూది ఆపిన తల్లి, రేపు ఆ కూతురి కడుపున పుట్టబోయే బిడ్డను ఎటు నెడుతోందో చూడండి.

"అందులో సువ్వర్ జెలటిన్ ఉంది కదా" అని ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా, హలాల్ హరామ్ అడగడం మన హఖ్. దీన్ని దాచి మాట్లాడేవాళ్ల వల్లే అఫ్వాలకు బలం వస్తుంది. 2018 ఆగస్టులో ఇండోనేషియా ఉలేమా కౌన్సిల్ ఈ మన పుణె ఎంఆర్ టీకా మీదే ఫత్వా ఇచ్చింది. తయారీలో పంది నుంచి వచ్చిన పదార్థం వాడారు కాబట్టి దానికది హరామ్, కానీ వేరే హలాల్ టీకా లేదు కాబట్టి, పిల్లలు చనిపోయే, మాజూర్ అయ్యే ఖత్రా ఉంది కాబట్టి జరూరత్ కింద వేయించుకోవడం జాయిజ్ అని చెప్పింది. అంతకుముందే 1995లో కువైట్‌లో కూర్చున్న ఉలేమా, ఒక పదార్థం పూర్తిగా మారిపోయి వేరే పదార్థం అయితే దాని హుకుమ్ కూడా మారుతుందని అన్నారు. రెండు దారులు వేరు, చేరింది ఒకే చోటికి. ఇండోనేషియాలో కొన్నిచోట్ల జనం ఫత్వాలో మొదటి సగం విని రెండో సగం వినకుండా లేచిపోయారు. మనవాళ్లు ఆ మొదటి సగమే ఫార్వర్డ్ చేస్తున్నారు.

ఖిస్మత్ మాటకు నేను పెద్ద ఆలిమ్‌ను కాను. హజ్రత్ ఉమర్ షామ్ వైపు పోతూ, అక్కడ ప్లేగు ఉందని విని సేనతో వెనక్కి మళ్లిన సంగతి మనకందరికీ బయాన్‌లలో చెప్పారు. అల్లా తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా అడిగితే, ఒక తఖ్దీర్ నుంచి అల్లాదే ఇంకో తఖ్దీర్ వైపు పోతున్నానని జవాబు. బైక్ కొన్నప్పుడు ఇన్సూరెన్స్ కట్టే మనిషి, ఇంటికి తాళం వేసే మనిషి, పిల్లల సూది దగ్గరికి వచ్చేసరికి సూఫీ అయిపోతాడు. నాకు ఆ సబర్ మీద నమ్మకం లేదు. దాని అసలు పేరు సుస్తీ.

ఆమిల్ సాబ్‌లకు కూడా ఒక మాట. దువాతో నాకు దుష్మనీ లేదు. నేనూ వార్డు బయట తస్బీహ్ తిప్పుతూనే కూర్చున్నాను. కానీ మాట రాని పిల్లాడి మీద ఆసేబ్ ఉందని, మందులు ఆపమని, మిర్చి పొగ పెట్టమని చెప్పే ప్రతి మనిషీ ఒక బుఖార్‌ను దాచిపెడుతున్నాడు. దమ్ చేసే ముందు థర్మామీటర్ పెట్టండి. ఫీజు తీసుకుంటారు కదా, అదైనా కొనండి.

డాక్టర్లను కూడా వదలను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క రకాల లోపాలున్నాయి, ఆటిజం వాటిలో ఒకటి. దవాఖానాలో వీళ్లను ముందుగా చూడాలి, ముందుగా ఇలాజ్ చేయాలి అని ఆ చట్టం 25వ సెక్షన్‌లో రాసి ఉంది. లైను దాటి ముందుకు వస్తే "మాకు పిల్లల్లేరా?" అని జనం అరుస్తారు, సిస్టర్ కూడా వాళ్లతోపాటే అరుస్తుంది. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. నేను అడిగిన ఇళ్లలో ఆ పేరు విన్నవాళ్లే లేరు. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా అయింది, 2023లో సర్కారీ మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషమే. ఆ కాలేజీలో చదివే పిల్లలకు ఒక్క పూట ఎవరైనా నేర్పించండి: అరిచే పిల్లాడికి అరుపు బీమారీ కాదు, లైటు ఆర్పండి, చొక్కా ఎత్తి చూడండి.

ఎల్లారెడ్డి డివిజన్‌లో ఆటిజం ఉన్న పిల్లాడికి ఏ థెరపీ కావాలన్నా కామారెడ్డికి, నిజామాబాద్‌కు, చివరికి హైదరాబాద్‌కు బస్సెక్కాలి. బస్సులో వాడు అరిస్తే నలభై జతల కళ్లు తల్లి మీద. అందుకే ఆపాలు ఇంట్లో కూర్చుంటారు, దగ్గర్లో ఆమిల్ దొరుకుతాడు. ఈ సంగతి సర్కారుకు తెలియదని నేననుకోను.

మొన్న 2025 ఆగస్టు చివర వానలకు మన జిల్లా మునిగింది. రోడ్లు తెగాయి, ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు పోయాక దోమలు మిగిలాయి, డెంగీ భయం మిగిలింది. డెంగీలో ప్రాణం కాపాడేది నీళ్లు. పచ్చ గ్లాసు లేకపోతే తాగని పిల్లల సంగతేంటి? అప్పటి నుంచి ఆపా ఇంట్లో అలాంటి గ్లాసులు నాలుగున్నాయి. ఒకటి ఎప్పుడూ నా బండి డిక్కీలో ఉంటుంది. ఓఆర్ఎస్‌ను జ్వరం లేని రోజుల్లోనే వారానికోసారి అదే గ్లాసులో కొద్దికొద్దిగా అలవాటు చేసింది. వాడు మామూలు కంటే ఎక్కువ అరిచినా, మామూలు కంటే ఎక్కువ నెమ్మదిగా ఉన్నా, ముందు థర్మామీటర్, రాత్రి నిద్రలో చొక్కా ఎత్తి చూడడం. ఒక కాగితం మీద వాడు ఏం తాగుతాడు, ఏ చప్పుడుకు భయపడతాడు, ఏ గోలీలు వాడుతున్నాడు, నొప్పొస్తే చెవి కొట్టుకుంటాడా, గోడకు తల కొడతాడా, అన్నీ తెలుగులో రాయించి పెట్టుకుంది. ఏటా ఫ్లూ టీకా వేయించమని ఆ డాక్టరమ్మే చెప్పింది, ఫిట్స్ ఉన్నాయి కాబట్టి. ఖర్చు మాదే. వాడికీ, చిన్నదానికీ ఎంఆర్ డోసులు పూర్తయ్యాయి. ఆ రోజు సూది వేసేటప్పుడు వాడు నా చెయ్యి కొరికాడు. మచ్చ ఇంకా ఉంది. ఉండనీ.

మనల్ని మోసం చేసిన ఆ అబద్ధం ఇప్పుడు సూటూ బూటూ వేసుకుని అమెరికా సర్కారులోనే కూర్చుంది. 2025లో టెక్సస్‌లో తట్టుకు ఇద్దరు పిల్లలు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు. అయినా పోయిన వారం మా ఖాందాన్ గ్రూపులో ఒక చాచా మళ్లీ అదే పాత వాయిస్ మెసేజ్ పెట్టారు. అదే గొంతు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాను. పెద్దాయన కాబట్టి అదబ్‌గా రాశాను: "చాచా, ఈ మెసేజ్ 2017లో నేనూ పంపాను. మీ భతీజీ కొడుకు ఫిట్స్ గోలీల ఖర్చు నెలకెంతో ఆమెను అడగండి." ఆయన జవాబివ్వలేదు. మెసేజ్ మాత్రం తీసేశారు.

ఎల్లారెడ్డి, కామారెడ్డి మస్జిద్ కమిటీల సదర్ సాబ్‌లకు, ఇమామ్ సాబ్‌లకు నా గుజారిష్. అంధుడైన సహాబీ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ వైపు నుంచి మొహం తిప్పుకున్నందుకు సూరె అబసా దిగింది. ఆ సూరె మీద మీరు బయాన్ చేస్తారు. బయాన్ జరుగుతుండగా ఆటిజం ఉన్న పిల్లాడు గట్టిగా అరిస్తే వాళ్ల నాన్నను బయటికి పొమ్మంటారు. నేను చూశాను. ఒక్క జుమ్మా పది నిమిషాలు ఈ టీకాల గురించి, ఈ పిల్లల గురించి మాట్లాడండి. వీలైతే ఆశా కార్యకర్తను, దగ్గరి పీహెచ్‌సీ డాక్టర్‌ను పిలవండి. మీకు మొహమాటం అయితే మైక్ నాకివ్వండి. పేరు చెప్పి, ఊరు చెప్పి, ఆ మెసేజ్ పంపింది నేనే అని నిలబడి చెబుతాను. భాంజాను కూడా తీసుకొస్తాను. వాడు అరుస్తాడు, ముందే చెబుతున్నాను.